నర్సత్త బావిలో రాతి శంఖాలు

మొన్న మా ఎదురింటివాళ్ళు బోరు వేయించారు. వికారాబాదులో ఇప్పుడు ఇది వింత కాదు, వీధికొకరు వేయిస్తున్నారు. లారీ మీద వచ్చిన యంత్రం పొద్దున మొదలుపెట్టి చీకటి పడకముందే ఎంతో లోతుకు దిగిపోయింది. వీధంతా పొడి. ఆ పొడి మొదట ఎర్రగా వచ్చింది, తర్వాత పాలిపోయింది, ఆపైన బూడిదరంగుకు తిరిగి అలాగే ఉండిపోయింది. నేను గేటు దగ్గర నిలబడి "లోపల ఏం తగిలింది నాయనా?" అని పనివాడిని అడిగాను. "రాయి తగిలిందమ్మా" అన్నాడు. ఏ రాయి అంటే నవ్వాడు. "రాయంటే రాయే గదమ్మా." అతని చెవుల్లో దూది ఉంది, కనురెప్పల మీద దుమ్ము ఉంది. అతనికి ఇంకో ఊళ్ళో ఇంకో బోరు ఉంది. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. లోపలికొచ్చి తులసి ఆకుల మీద పడిన పొడిని తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడుస్తూ కూర్చున్నాను. భూమి కడుపులో ఏముందో నా కళ్ళతో చూసే భాగ్యాన్ని దేవుడు నాకు చిన్నతనంలోనే ఇచ్చాడు. అది నర్సత్త బావి తవ్వించిన వేసవి.

నేను పుట్టి పెరిగింది తాండూరులో. బండల ఊరు అది. మా ఇంటి గోడలు బండలే, పైకప్పు బండలే, వాకిట్లో పరిచినవీ బండలే. ఎండాకాలం సాయంత్రం అమ్మ వాకిలి మీద నీళ్ళు చల్లితే కాలిన బండల నుంచి ఒక వాసన లేచేది. తడిసిన సున్నం వాసనా కాదు, మట్టి వాసనా కాదు, రెండింటికీ మధ్యలో ఉండేది. పక్కింటి కన్నడం మాట్లాడే అవ్వ ఆ వాసన కోసమే మా అరుగు మీదకు వచ్చి కూర్చునేది. ఆడపిల్లల్ని బడికి పంపడం మా ఇళ్ళల్లో లేదు. బాపు బండల గని దగ్గర లెక్కలు చూసి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, సుద్దముక్క తీసుకుని నన్ను వాకిట్లో కూర్చోబెట్టేవాడు. ఒక్కో బండ మీద ఒక్కో అక్షరం. నేను తప్పు రాస్తే చెంబుడు నీళ్ళు పోసి "మల్ల రాయి బిడ్డా" అనేవాడు. అంత పెద్ద పలక ఏ బడిపిల్లకూ ఉండి ఉండదు.

మా స్నానాల గదిలో ఒక బండ ఉండేది. దాని మీద సన్నటి గట్లు వరుసగా, గాలికి కదిలిన నీటి మీద ముడతల్లాగా ఉండేవి. నున్నగా లేదని గనిలో పక్కన పడేస్తే, కాలు జారదని బాపు ఇంటికి తెచ్చాడు. ఇదేమిటి బాపూ అని అడిగాను. "గిదంత ఒకప్పుడు నీళ్ళ అడుగున బురద, బిడ్డా. పైన నీళ్ళు కదిలితే కింద బురదకు గిట్ల ముడతలు పడ్తయి. పడ్డ ముడత మీద ఇంకో పొర బురద పడ్డది. అట్లనే గట్టిపడి రాయి అయింది" అన్నాడు. గని చూడటానికి వచ్చే చదువుకున్నవాళ్ళు చెబితే విన్నాడట. నాయనమ్మ లోపలి నుంచి "ప్రళయం నాటి నీళ్ళు బిడ్డా, మొక్కి కాలు పెట్టు" అనేది. బాపు మాటా నిజమే, నాయనమ్మ మాటా నిజమే అనుకుని నేను రోజూ మొక్కి, ఆ తర్వాత వేలితో గట్లు తడుముతూ స్నానం చేసేదాన్ని.

బాపుకు ఒక్కతే చెల్లెలు. ఆమే నర్సత్త. వికారాబాదు నుంచి పూడూరు వైపు పోయే దారిలో ఒక ఊరికి ఆమెను ఇచ్చారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆమె భర్త పోయాడు, పిల్లలు లేరు. పెద్దమనుషులు కూర్చుని ఆమె బతుకుదెరువుకు ఒక చెలక రాసిచ్చారు. మిట్ట మీద ఎర్రటి మొరం నేల అది, వాన పడితే తప్ప గడ్డి కూడా మొలవదు. ఒక షరతు పెట్టారు. రాబోయే వానాకాలం లోపల ఆ భూమిని సాగులోకి తెచ్చుకుని తన తిండి తాను తినగలిగితే భూమి ఆమెదే. లేకపోతే భూమి ఆమె బావగారు కిష్టారెడ్డి మామ కిందికి పోతుంది, ఆమె ఆయన ఇంట్లో ఒక మూలన ఉండాలి. కిష్టారెడ్డి మామ చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఏకాదశి తప్పనివాడు, వాకిట్లోకి వచ్చిన బిచ్చగాడిని ఉత్తచేత్తో పంపనివాడు. ఆడమనిషి ఒంటరిగా వ్యవసాయం చేస్తే ఇంటికి పరువు తక్కువని మనస్ఫూర్తిగా నమ్మినవాడు, అంతే. అత్త మాత్రం ఆ పంచాయతీ నుంచి లేస్తూనే బావి తవ్విస్తానంది. తన మెడలోది, చేతులవి అమ్మింది. అత్తకు తోడుగా ఉంటుందని నన్ను బాపు రైలెక్కించి వికారాబాదులో దింపి, అక్కణ్ణుంచి బండి మీద తీసుకుపోయి అప్పగించి వచ్చాడు. నాకప్పుడు పన్నెండో పదమూడో.

అత్త ఇంట్లో నేను మొదట నేర్చుకున్నది నీళ్ళు వాడటం. తాగే నీళ్ళు దూరంగా కుంట పక్క చెలిమె నుంచి తేవాలి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకూడదు, వాటితో కూరగిన్నె కడగాలి. ఆ నీళ్ళు బర్రె కుడితిలోకి పోవాలి. ముఖం కడుక్కుంటే కింద ఇనుప తట్ట పెట్టాలి, అవి పుంటికూర మడికి. అత్త పొద్దున్నే లేచి మంచం మీద నుంచే వంగి అరచేత్తో నేలను తాకి కళ్ళకు అద్దుకునేది. దీపం వెలిగించేదాకా మాట్లాడేది కాదు. దీపం వెలిగాక మాత్రం ఇక ఆగేది కాదు. జొన్నరొట్టె కొడుతూ, పెంక మీద తిప్పుతూ, నరసింహస్వామితో పక్కింటాయనతో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఇగో సామీ, ఇయ్యాల బండ పగలాలె. నిన్నటి లెక్క పరేషాన్ చెయ్యకు."

బావి తవ్వే ఎల్లయ్య, అతని భార్య ఈరమ్మ, వాళ్ళవాళ్ళు కొందరు చెలకలోనే గుడిసెలు వేసుకున్నారు. మొదట ఎర్రమట్టి. దాని కింద తేనెతుట్టెలాగా బొక్కలు బొక్కలుగా ఉన్న ఎర్రరాయి. దాని కింద వేలితో గిల్లితే ఊడివచ్చే తెల్లటి సుద్ద. ఇదంతా త్వరగానే అయింది. ఆ తర్వాత నల్లబండ వచ్చింది. సమ్మెట వేస్తే గంట కొట్టినట్టు మోగేది, నిప్పురవ్వలు లేచేవి. ఉలులు మొద్దుబారి రోజూ కొలిమికి పోయేవి. మందు పెట్టి పేలిస్తే కూడా గంపెడు ముక్కలకన్నా ఎక్కువ వచ్చేవి కావు. నేను గట్టు మీద కూర్చుని బావి గోడను చూస్తుండేదాన్ని. ఎరుపు, తెలుపు, నలుపు, ఒకదాని కింద ఒకటి. తాండూరులో బండలు పొరలు పొరలుగా విచ్చుకునేవి. ఈ నల్లరాయికి పొరలే లేవు. బాపు చెప్పిన బురద కథ దీనికి అతకలేదు.

ఎండలు ముదిరాయి. కిష్టారెడ్డి మామ సాయంత్రాలు వచ్చి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడేవాడు. "ఎందుకు నర్సమ్మా గీ తిప్పలు? ఇంట్ల నీకు ముద్ద తక్కువైతదా?"

"ముద్దకు తక్కువ కాదు బావా. ముద్ద మీద నా చెయ్యి ఉండాలె గదా" అనేది అత్త, తల వంచుకునే.

కింది నుంచి ఎల్లయ్య అరిచేవాడు. "పటేలా, మీ నీడ బాయిల పడ్తున్నది, జర అట్లనే నిలబడున్రి, సల్లగున్నది!"

ఒక పొద్దున నల్లబండ ఆగిపోయింది. దాని కింద జానెడు మందాన వేరే రాయి కనపడింది, పాలిపోయిన గచ్చకాయ రంగులో, పెళుసుగా. ఎల్లయ్య గడ్డపారతో ఒక పెళ్ళ లేపాడు. లేపి, అట్లాగే ఆగిపోయాడు. కాసేపటికి గంపలో ఒక్క ముక్కే పైకి వచ్చింది. అతను వెనకాలే ఎక్కి వచ్చి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, రాయి లోపల శంఖాలున్నయి."

నిజంగానే ఉన్నాయి. చింతగింజంత ఒకటి, బొటనవేలి కణుపంత ఒకటి, కుప్పగా, చుట్లు చుట్లుగా, రాయిలో అతుక్కుపోయి. ఊరంతా వచ్చింది. కిష్టారెడ్డి మామ స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. ముక్కను రెండు చేతులా అందుకుని, వెలుగుకు పట్టి, నోరు పైకి, కొస కిందికి పెట్టి చూశాడు. "కుడిదిక్కు తిరిగినయి" అన్నాడు. మామూలు శంఖం చుట్లు ఎడమకు తిరుగుతాయి. కుడికి తిరిగిన దక్షిణావర్త శంఖం లక్షల్లో ఒకటని, లక్ష్మీదేవి స్వరూపమని మా ఇళ్ళల్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఆ ముక్కలో ఉన్నవన్నీ కుడికి తిరిగినవే. ఆయన అక్కడే మొరం మీద సాష్టాంగపడ్డాడు.

ఆ రోజు నుంచి సమ్మెట చప్పుడు ఆగిపోయింది. కొబ్బరికాయలు కొట్టారు, పసుపు చల్లారు. ఎల్లయ్యను దిగమంటే చెవులు పట్టుకున్నాడు. "నల్లబండ ఎంతున్నా కొడ్త అమ్మా. అమ్మవారి మీద గడ్డపార ఎట్ల ఎయ్యాలె? నా పిల్లలు బతకాల్నా వద్దా?" కిష్టారెడ్డి మామ కళ్ళల్లో నీళ్ళతో అత్త దగ్గరకొచ్చాడు. "నర్సమ్మా, నీ అదృష్టం పండింది. బాయి వద్దు. మీద కప్పేసి గుడి కడ్త. నువ్వు దీపం పెట్టుకుంట, ఊడ్చుకుంట ఉండు. వచ్చిన నైవేద్యం నీదే. బతుకంత ఫికర్ లేదు."

ఆ మాటలో మోసం లేదు. అందుకే అది మరీ బరువుగా ఉంది. గుడి వస్తే అత్తకు తిండి ఉంటుంది, గౌరవం ఉంటుంది, కానీ చెలక ఉండదు, బావి ఉండదు. వానాకాలం దగ్గరపడుతోంది.

నేను ఆ ముక్కను చాలాసేపు చూశాను. నాయనమ్మ దగ్గర పూజలో ఉన్న శంఖం నాకు తెలుసు. అది దళసరిగా, బరువుగా ఉంటుంది. ఇవి పలచన, పెదవి అంచు ఉల్లిపొరలా ఉంది. నీళ్ళకు పోయినప్పుడు కుంట అంచున ఎండిన బురదలోంచి నత్తగుల్లలు ఏరి కొంగున కట్టుకుని వచ్చాను. అరుగు మీద ముక్క పక్కన పోశాను. కుంటలో కూడా ఇలాగే చిన్నా పెద్దా కలిసి, కుప్పపడి, మధ్యలో బురద నిండి ఉంటాయి. ఒక్క తేడా, కుంటలోవి మామూలు వైపే తిరిగాయి. అది మాత్రం నాకు అంతుపట్టలేదు. అయినా వంటింట్లోకి పోయాను. అత్త జొన్నలు విసురుతోంది.

"అత్తా, ఇవి శంఖాలు కావు. నత్తగుల్లలు. బాయి ఉన్నకాడ ఒకప్పుడు కుంట ఉండె."

అత్త తిరగలి ఆపలేదు. కొంతసేపు పిండి రాలుతూనే ఉంది. తర్వాత అడిగింది. "కుంట ఉంటే మరి దాని మీద గంత నల్లబండ ఎవలు పెట్టిన్రే?"

అంత మంచి ప్రశ్న నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు. నాకు పెళ్ళయి వికారాబాదుకు వచ్చాక, భూగర్భశాస్త్రం చదివిన ఒకాయన మా ఇంటి పక్కన కొన్నాళ్ళు అద్దెకున్నాడు. ఆయన్ని అడిగితే కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఈ నల్లరాయి ఒకప్పుడు నేల పగుళ్ళలోంచి పొంగి పారిన నిప్పు. చల్లారి రాయి అయింది. మళ్ళీ పొంగడానికి మధ్య ఎంతో కాలం ఊరుకుంది. ఆ ఊరుకున్న కాలంలో వానలు పడ్డాయి, గుంటల్లో నీళ్ళు నిలిచాయి, నాచు పుట్టింది, నత్తలు పుట్టి పిల్లల్ని పెట్టాయి. అవి అటువైపు తిరిగే జాతి నత్తలు, అంతే. తర్వాత మళ్ళీ నిప్పు వచ్చి వాటిని కప్పేసింది. మనిషి పుట్టడానికి ఎంతో ముందటి సంగతి. ఎర్రరాయి ఆ నల్లరాయే, ఎండకు ఎండి, వానకు నాని, యుగాలపాటు కుళ్ళిన పైభాగం. తాండూరు బండలు వీటన్నింటికన్నా పాతవి, అక్కడ నిజంగానే సముద్రం ఉండేది. నేను విని చేతులు జోడించాను. ఆయన నవ్వి "ఎవరికమ్మా?" అన్నాడు.

ఆ రోజు అత్త తిరగలి పక్కకు జరిపి, పిండి చేతులతోనే ఒక నత్తగుల్ల తీసుకుని చూసింది. "నత్త అయితే మాత్రం? దాంట్ల సామి లేడా?" అంది. మళ్ళీ తనే, "నత్త అయినా శంఖం అయినా పుట్టేది నీళ్ళల్లనే గదా" అంది. ఆ మాట తన చెవికే వినపడ్డట్టుగా ఆగింది. లేచి చేతులు కడుక్కుంది. ఆ నీళ్ళు తట్టలో పడ్డాయి.

మర్నాడు ఊరంతా గట్టు మీద ఉన్నప్పుడు అత్త కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. ఆమె అంతమంది మగవాళ్ళ ముందు గొంతెత్తడం నేను అప్పుడే చూశాను.

"బావా, ఒక్క మాట చెప్పున్రి. లక్ష్మమ్మకు రోజూ అభిషేకం చెయ్యాల్నా వద్దా?"

"చెయ్యకుంటే పాపం గాదు?"

"నీళ్ళు ఏడికెల్లి తెస్తరు?"

మామ కుంట వైపు చూశాడు. కుంట అప్పటికే అడుగంటింది. ఎవరో నవ్వారు.

"నీళ్ళల్ల పుట్టిన తల్లిని ఎండల పెట్టి పసుపు చల్లుతున్నరు" అంది అత్త. "ఆమె రాయిల చిక్కుకున్నది. నేను ఇడిపిస్త. గడ్డపార వద్దు, సమ్మెట వద్దు. ఒక్క గుల్ల పలగనియ్య. అన్నీ పైకి తెచ్చినంక కింద నీళ్ళకు తవ్వున్రి. నీళ్ళొస్తే నా నీళ్ళతోనే అభిషేకం. రాకుంటే చెలక మీది, గుడి మీది, నేను ఊడుస్త."

ఎల్లయ్యే గొంతు సవరించుకున్నాడు. "పటేలా, అమ్మ చెప్పేది అడ్డం లేదు. మనం కొట్టం. ఆడోళ్ళు ఎత్తుకుంటరు." ఈరమ్మ అతన్ని మోచేత్తో పొడిచింది. "మాకు పని చెప్పేటప్పుడు మస్తు ధైర్యమొస్తది నీకు."

అత్త మోకు పట్టుకుని దిగింది. ఈరమ్మ దిగింది. తర్వాత నేనూ దిగాను. బావి అడుగున చల్లగా, మందువాసనగా ఉంది. పైన ఆకాశం తట్టంత కనపడుతోంది. తవ్వుడు పుల్లలతో, వేళ్ళతో, మొండి కొడవలి కొసతో ఆ పొరను కొద్దికొద్దిగా కదిలించి లేపాము. ప్రతి పెళ్ళను ఉతికిన చీర పరిచిన చాటలో పెట్టి పైకి పంపాము. గోళ్ళు విరిగాయి, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. మధ్యాహ్నం అంబలి కిందికే వచ్చేది. అత్త ప్రతి గుల్లనూ ముట్టుకుని కళ్ళకద్దుకునేది. నేను ప్రతి గుల్లనూ తిప్పి చూసేదాన్ని. ఒకదాని మూతిలో ఇంకో చిన్నది దూరి ఉంది. ఒక పెళ్ళ మీద గడ్డిపోచల ముద్రలు ఉన్నాయి. ఇద్దరం ఒకే పని చేస్తున్నామని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడనుకుంటున్నాను. ఎదురింటి బోరు ఇలాంటి పొరను ఎన్నిసార్లు పొడి చేసి గాలిలో కలిపిందో. బోరు తప్పు కాదు. నీళ్ళు త్వరగా వస్తున్నాయి, ఆడవాళ్ళ నడుములు విరగడం లేదు, అందుకు నేను దండం పెట్టుకుంటాను. కాని నీళ్ళు ఏ గడప దాటి వచ్చాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పొర మొత్తం పైకి చేరాక ఎల్లయ్య మళ్ళీ దిగాడు. కింద మళ్ళీ నల్లరాయే. కాని ఇది వేరు. బొక్కలు బొక్కలుగా, ఒక్కో బొక్కలో పటిక పలుకుల్లాంటి తెల్లటి మెరుపులతో ఉంది. కిష్టారెడ్డి మామ "మళ్ళ బండే గదా" అని నిట్టూర్చాడు. ఎల్లయ్య ఉలి పెట్టి కొట్టాడు. ఈసారి మోగలేదు, మొద్దుగా చప్పుడైంది. ఇంకోసారి కొట్టాడు. ఆ పొద్దు గడిచింది, ఆ మర్నాడూ గడిచింది. అత్త గట్టు మీద నుంచి కదలలేదు. రొట్టెలు నేనే కొట్టాను, మాడ్చాను, మాడినవే అందరూ తిన్నారు.

ఆ తర్వాతి రోజు ఎండ నడినెత్తికి రాకముందు కింది నుంచి ఎల్లయ్య కేక వినపడింది. మాట కాదు, ఉత్త కేక. అందరం వంగి చూశాము. పొర లేపిన చోటు కింద గోడ చెమర్చింది. ఆ చెమ్మ ధారయింది. మెరుపుల బొక్కల్లోంచి సన్నగా, తెల్లగా, పాలు కారినట్టు నీళ్ళు కారి ఎల్లయ్య పాదాల చుట్టూ నిలుస్తున్నాయి. అతను మడమలెత్తి నిలబడ్డాడు, ఎక్కడ తొక్కాలో తెలియనట్టు.

కిష్టారెడ్డి మామ అప్పటికే ఇంటికి మనిషిని పంపి రాగిచెంబు తెప్పించాడు. శంఖాల కుప్ప ముందు కర్పూరం వెలిగింది. మొదటి కడవ పైకి వచ్చింది. అత్త కడవ అందుకుంది. మామ చెంబు చాపాడు.

అత్త ఆయన పక్కనుంచి నడిచిపోయి, గట్టు మీద కూలబడి ఉన్న ఈరమ్మ దోసిట్లో పోసింది. ఎల్లయ్యను పైకి పిలిచి అతని దోసిట్లో పోసింది. వాళ్ళవాళ్ళందరికీ పోసింది. వాళ్ళు తాగుతుంటే సుద్దనీళ్ళు గడ్డాల మీదుగా కారుతున్నాయి.

"నర్సమ్మా! ముందు అమ్మవారికి గదా" అన్నాడు మామ, కోపంగా కూడా కాదు, తెల్లబోయి.

"పోస్త బావా" అంది అత్త. "ఇన్ని యుగాలు రాయిల ఓర్చుకున్నది. ఇంకో కడవ ఎల్లేదాక ఓర్చుకోదా?"

అని, ఖాళీ కడవకు మోకు తనే ముడివేసి, మళ్ళీ బావిలోకి వదిలింది.